రేవుప్రక్క గిడ్డంగి

గిడ్డంగి అనే మాట మన మాట. సముద్రం దాటి వెళ్ళి, వేషం మార్చుకొని, తిరిగి మన ఇంటికే వచ్చిన మాట. తూర్పు తీరపు వర్తకులు ఓడలెక్కి మలయా ద్వీపాలకు వెళ్ళినప్పుడు ఈ మాట వారి వెంట వెళ్ళినదనీ, అక్కడివారి నోట అది ‘గుదాంగ్’ అయినదనీ, దానిని ఆంగ్లేయులు ‘గోడౌన్’ అని పలికి మళ్ళీ మన రేవులకు తెచ్చినారనీ నిఘంటుకారులు పలువురు భావిస్తారు. మాట చరిత్ర ఎట్లా ఉన్నా, సరుకును భద్రపరచే విద్య మనకు క్రొత్తది కాదు. గాదె, గరిసె, పాతర అనే మాటలు ఎరుగని తెలుగు పల్లె ఒకప్పుడు లేదు. పందికొక్కు చేరకుండా గాదెను ఎత్తు మీద కట్టడం, చెమ్మ తగలకుండా అడుగున గడ్డి పరచడం, పాత ధాన్యం వాడిన తరువాతనే క్రొత్త ధాన్యం తీయడం, ఇవన్నీ మన ఇల్లాండ్రు ఏ పుస్తకమూ చదవకుండానే పాటించిన నియమాలు.

అయితే నేడు నేను మనవి చేయదలచినది పంపిణీ గిడ్డంగిని గురించి. గాదె పని దాచడం; పంపిణీ గిడ్డంగి పని పంపడం. చెరువుకూ, కాలువ మీది లాకుకూ ఎంత భేదమున్నదో ఈ రెండింటికీ అంత భేదమున్నది. పంపిణీ గిడ్డంగికి ఒక ప్రక్క ఓడనుండి, రైలునుండి, లారీనుండి సరుకు వస్తుంది. అక్కడ అది విడివడి, గుర్తు వేయబడి, కొంతకాలం అరలలో నిలిచి, ఎవరికి ఎంత కావలెనో అంతగా కట్టబడి రెండవ ప్రక్కనుండి వెళ్ళిపోతుంది. ఈ పనిలో పెద్ద భాగాన్ని నేడు యంత్రాలు తమంత తాముగా చేస్తున్నవి. అట్టి స్వయంచాలక గిడ్డంగిని కట్టదలచినవారు కాగితం మీద మొట్టమొదట ఏ గీత గీయవలెను? ఇది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్నగా తోచవచ్చును. కాని ఆ గీతల మధ్య నడిచేది మన ఊరి మనుష్యులు. ఆ కప్పు క్రింద నిలిచేది మన రైతుల పంట. కనుక ఈ ప్రశ్న మనందరిదీ.

నా మనవి ఏమంటే, గీయవలసిన గీతలు నాలుగు. వాటికి ఒక వరుస ఉన్నది. మొదటి గీత గాలివానది. రెండవది మనిషిది. మూడవది సరుకుది. నాలుగవది యంత్రానిది. ఈ వరుస తలక్రిందులైతే ఎంత ఖరీదైన యంత్రం తెచ్చి నిలిపినా గిడ్డంగి అటు క్షేమంగానూ ఉండదు, ఇటు చురుకుగానూ ఉండదు.

ఈ మాటను గాలిలో చెప్పడం కన్న ఒక చోటు చూపి చెప్పడం మంచిది. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో మూలపేట అని ఒక తీరగ్రామం ఉన్నది. మొదట భావనపాడు రేవు అని పేరు పెట్టిన ఓడరేవు పథకానికి 2023 ఏప్రిల్ 19న ఈ మూలపేటలో శంకుస్థాపన జరిగినది. మొదటి దశలో నాలుగు బెర్తులనూ, సాలుకు 235 లక్షల టన్నుల సరుకు దించి ఎక్కించే సామర్థ్యాన్నీ ఉద్దేశించినారు. ఇందుకొరకు మూలపేట, విష్ణుచక్రం గ్రామాలవారు ఇండ్లనూ భూములనూ విడువవలసి వచ్చినది. వారికి నౌపడ వద్ద పునరావాసం ఏర్పాటు చేసినారు.

రేవు వెలసిన చోట గిడ్డంగి వెలయక తప్పదు. ఓడలో నెల రోజుల సరుకు ఒక్కసారి వస్తుంది. అది అంగళ్ళకు చేరేది దినానికి కొంచెంగా. ఈ రెండింటి నడుమ నిలిచే చోటే గిడ్డంగి. మూలపేటకు వెనుక భూభాగం కూడా సంపన్నమైనది. నౌపడ ఉప్పు కొఠారులు పేరెన్నిక గలవి. నౌపడ జంక్షను హౌరా, చెన్నై నగరాలను కలిపే ప్రధాన రైలుమార్గం మీద ఉన్నది. అక్కడినుండి పర్లాకిమిడి మీదుగా గుణుపూరుకు శాఖామార్గం పోతుంది. టెక్కలి ప్రాంతం నీలి గ్రానైటుకు ప్రసిద్ధి. పలాస, కాశీబుగ్గ జంట పట్టణాలలో జీడిపప్పు కార్ఖానాలు వందల సంఖ్యలో ఉన్నవి. వాటికి చేరువనే కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ఉద్దానం. ఇట్టి చోట గిడ్డంగి కడితే ఎట్లా కట్టవలెనో ఆలోచిద్దాం.

మొదటి గీత గాలివానది అన్నాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు సమీపంలో తీరం దాటినది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతో, జోరు హెచ్చినప్పుడు 165 కిలోమీటర్ల వేగంతో గాలి వీచినది. ఉద్దానంలో ఒక తరం పెంచిన కొబ్బరి చెట్లూ, జీడి చెట్లూ ఒక్క రాత్రిలో నేలకూలినవి. కరెంటు స్తంభాలు వరుసలుగా పడిపోయి ఊళ్ళు చీకటిలో మునిగినవి. అంతకు ముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ ఈ ఉత్తర కోస్తాను దెబ్బ తీసినవే. కనుక ఈ తీరాన కట్టడానికి గాలివాన అతిథి వంటిది కాదు. ఇంటిల్లిపాదిలో ఒకటిగా లెక్కించి చోటు చూపవలసినది.

గాలి లెక్క కొంచెం విచిత్రమైనది. గాలివేగం రెండింతలైతే దాని తాకిడి నాలుగింతలవుతుంది. మన జాతీయ ప్రమాణం ప్రకారం ఈ తీరంలో లెక్కకు తీసుకొనే మూలవేగం సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంతో వచ్చే గాలి ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 150 కిలోల బరువుతో నెట్టుతుంది. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల ఒక షట్టరు తలుపు మీద పడే బరువు రెండు టన్నులను మించుతుంది. 2015లో సవరించిన ప్రమాణం తుఫాను తీరంలో కట్టే పరిశ్రమల కట్టడాలకు గాలివేగాన్ని మరి 15 శాతం అధికంగానూ, తుఫాను తరువాత ప్రజలకు అక్కరకు రావలసిన కట్టడాలకు 30 శాతం అధికంగానూ లెక్కించవలెనని చెప్పుచున్నది. బియ్యమూ, మందులూ నిలువ ఉండే గిడ్డంగిని ఈ రెండవ తరగతిలో చేర్చి లెక్కించడం వివేకం.

గిడ్డంగి గోడలు కూలడానికి ముందు సాధారణంగా లొంగేవి తలుపులు. గాలి వచ్చే వైపు షట్టరు ఒకటి లొంగిపోతే గాలి లోనికి దూరి కప్పును లోపలినుండి పైకి నెట్టుతుంది. అదే సమయంలో కప్పు మీదుగా పోయే గాలి దానిని పైకి పీల్చుతుంది. ఈ రెండూ కలిసినప్పుడు రేకులు కాగితాల వలె లేచిపోతవి. కనుక కప్పు రేకుల మందం ఎంత అని అడిగేవారు, తలుపు చట్రాన్ని గోడకు ఎట్లా బిగించినారు, రేకును దూలానికి పట్టించిన మరలు ఎంత దూరాన ఒకటి ఉన్నవి అని కూడా అడుగవలెను.

గాలి తరువాత నీరు. ఉప్పు కొఠారుల చుట్టుప్రక్కల నేల పల్లపునేల; పోటు వచ్చినప్పుడు కయ్యలలో నీరు ఎగదన్నుతుంది. లారీ తొట్టి నేలనుండి సుమారు 1.2 మీటర్ల ఎత్తున ఉంటుంది. గిడ్డంగి అరుగును అంత ఎత్తుకు లేపితే సరుకును లారీలోనికి సమంగా నెట్టవచ్చును. వాననీరు కూడా లోనికి రాదు. ఒకే ఖర్చుకు రెండు ప్రయోజనాలు. నీటి తరువాత ఉప్పుగాలి. సముద్రపు గాలి ఇనుమును తినివేయడం తీరవాసులకు నేను చెప్పవలసినది కాదు. అరల స్తంభాలకు రంగు పూసి సరిపెట్టక, కరిగిన జింకులో ముంచి తీసిన ఇనుమును వాడవలెను. ఇరువది మీటర్ల ఎత్తున బరువు మోసే అర ఒకటి అడుగున తుప్పు పట్టితే ఆ ప్రమాదం కంటికి కనిపించదు. ఒకనాడు చప్పుడుతోనే తెలుస్తుంది.

రెండవ గీత మనిషిది. స్వయంచాలక గిడ్డంగిలో మనిషి పని ఏమున్నదని కొందరు అనుకోవచ్చును. యంత్రం చెడితే బాగుచేసేది మనిషి. చిరిగిన సంచి కుట్టేది మనిషి. లారీ తెచ్చేది, దించేది, లెక్క సరిచూసేది మనిషి. యంత్రాలు ఎక్కువైనకొద్దీ మనుష్యుల సంఖ్య తగ్గవచ్చును గాని, మిగిలిన మనుష్యులు యంత్రాలకు మరింత చేరువగా మెలగవలసి వస్తుంది. కనుక మనిషి నడిచే దారి కాగితం మీద ముందుగా పడవలెను.

ఆ దారికి మూడు లక్షణాలు ఉండవలెను. మొదటిది, అది బండి దారితో కలియరాదు. ఫోర్క్‌లిఫ్ట్ అనే ఎత్తుడు బండి తన బరువుకు తోడు టన్నుకు మించిన సరుకును మోస్తూ తిరుగుతుంది. ముందున్న సరుకు అడ్డమై తోలేవానికి దారి కనిపించదు. నేల మీద పసుపు గీత గీసి ఇది మనుష్యుల దారి అంటే చాలదు. గీత బండిని ఆపదు. నడుమ గట్టి కటకటాలు కావలెను. దారులు రెండూ తప్పనిసరిగా దాటవలసిన చోట గేటు కావలెను. రెండవది, మనిషి ఏ మూల నిలబడినా 30 మీటర్ల నడకలో బయటికి పోయే తలుపు దొరకవలెను. ఆ తలుపు తోస్తే తెరుచుకొనేది కావలెను. దొంగల భయంతో తాళం వేసిన అత్యవసర ద్వారం గోడతో సమానం. మూడవది, ఆ దారి కరెంటు పోయిన చీకటిలో కూడా కనిపించవలెను.

ఇక బరువు మాట. ఉద్దానంలో జీడిపిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన జరుగుతుంది. ఆ బస్తాను వీపున వేసుకొని పలక మీదుగా లారీలోనికి ఎక్కే కళాసీని మనం చూస్తూనే ఉంటాము. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసులో, వయసు వచ్చిన పురుషుడు మోసే బరువు 55 కిలోలను మించరాదన్నది. మన బస్తా దానికి ఒకటిన్నర రెట్లకు చేరువ. నడుము పూసలు అరిగి, నలుబది ఐదేండ్లకే పనికి దూరమయ్యే మనిషికి ఈ దేశంలో వార్ధక్యం ఎంత దీర్ఘమైనదో ఊహించండి. యంత్రం గిడ్డంగిలో అడుగుపెట్టదలచితే దాని మొదటి పని ఇదే కావలెను: బస్తాను మనిషి వీపునుండి దించడం. ఇందుకు గొప్ప యంత్రాలు అవసరం లేదు. లారీ లోపలికి చాచుకొనే కన్వేయర్ బెల్టు ఒకటి, గాలి పీల్చి బస్తాను లేపే గొట్టం ఒకటి చాలును. కోట్ల రూపాయల రోబోలు కొని, లారీ దగ్గర మాత్రం వీపు మోతనే మిగిల్చిన గిడ్డంగిని స్వయంచాలకమనడం మాటకు అన్యాయం.

మూడవ గీత సరుకుది. ఎంత చోటు కావలెననేది ఇక్కడి మొదటి ప్రశ్న. అమెరికాలో జాన్ లిటిల్ అనే ఆచార్యుడు 1961లో ఒక సూత్రాన్ని నిరూపించినాడు. దినానికి వచ్చే సరుకును, అది నిలిచే దినాలతో హెచ్చవేస్తే, సగటున లోపల ఉండే నిలువ తెలుస్తుంది. చూడబోతే చిన్న లెక్క. కాని జీడిపంట విషయంలో దీనిని జాగ్రత్తగా వాడవలెను. జీడి మార్చి మొదలు జూన్ దాక వస్తుంది. కార్ఖానాలు మాత్రం ఏడాది పొడవునా పిక్కలను అడుగుతవి. ఉదాహరణకు నూరు దినాలు దినానికి 1,000 బస్తాలు వచ్చినవనుకొందాం. మొత్తం లక్ష బస్తాలు. ఇవి 365 దినాలలో సమానంగా ఖర్చయితే దినానికి సుమారు 274 బస్తాలు బయటికి పోతవి. పంట ముగిసే నూరవ దినాన లోపల 72,600 బస్తాలు ఉంటవి. ఏడాది సగటు చూస్తే 36,300 మాత్రమే. సగటును నమ్మి కట్టినవాని సరుకులో సగం జూన్ నెల వానలో ఆరుబయట తడుస్తుంది.

ఈ లెక్క మరొక సంగతి కూడా చెప్పుతున్నది. శిఖరకాలానికి తగినట్లు అంతటా ఖరీదైన యంత్రపు అరలు కట్టితే, అందులో సగభాగం ఏడాదిలో అధికకాలం ఖాళీగా పడి ఉంటుంది. కనుక పచ్చి పిక్కలకు కావలసినది ఎత్తైన అరుగు, చెక్క పీఠాలు, గోడకు మనిషి నడిచేంత ఎడం, చక్కగా గాలి ఆడే సాదా సాల. యంత్రపు అరలు ఎక్కడ ఫలిస్తవి? కార్ఖానానుండి వచ్చిన పప్పు దగ్గర. గుండు, బద్ద, ముక్క అనే విభజన ఉన్నది. గుండులో మళ్ళీ పౌనుకు ఎన్ని పప్పులు తూగుతవో ఆ సంఖ్యను బట్టి 180, 210, 240, 320 అని తరగతులు ఉన్నవి. డబ్బాలూ పెట్టెలూ ఒకే కొలతవి. దినదినమూ కదిలేవి. ఇట్టి చోటనే యంత్రం తన ఖర్చును తాను సంపాదిస్తుంది. ఏది యంత్రానికి ఇవ్వవలెను, ఏది ఇవ్వనక్కరలేదు అని నిర్ణయించేది యంత్రపు గొప్పతనం కాదు, సరుకు నడక.

సరుకును ఎక్కడ ఉంచవలెనో మన వంటయిల్లు నేర్పుతుంది. ఉప్పుడబ్బా పొయ్యి ప్రక్కన ఉంటుంది. పండుగనాటి గంగాళం అటక మీద ఉంటుంది. గిడ్డంగిలో కూడా దినమూ కదిలే సరుకు తలుపు దగ్గర, నడుము ఎత్తున ఉండవలెను; ఆరు నెలలకు ఒకసారి కదిలేది లోపల, పైన ఉండవలెను. సాధారణ గిడ్డంగిలో సరుకు ఏరే మనిషి కాలంలో సుమారు సగం నడకకే పోతుందని ఈ శాస్త్రం తెలిసినవారు చెప్పుతారు. సరుకు చోట్లు సరిదిద్దితే ఒక్క రూపాయి యంత్రం కొనకుండానే పని వేగం పెరుగుతుంది. అట్లాగే వచ్చే ద్వారం వేరు, పోయే ద్వారం వేరు కావలెను. ముందు వచ్చినది ముందు పోవలెను. బార్‌కోడ్ అనే గీతల గుర్తు ఇందుకు తోడ్పడుతుంది. ఏ బస్తా ఏనాడు వచ్చినదో, ఏ అరలో ఉన్నదో కంప్యూటరుకు తెలిసి ఉంటుంది.

తెలిసి ఉండడం వేరు, తెలిసినదాని ప్రకారం నడవడం వేరు. ఈ భేదాన్ని లోకానికి చాటినది లెబనాన్ దేశపు బేరూత్ రేవు. అక్కడ ఒక ఓడనుండి పట్టుకొన్న 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటును 2014 మొదలుకొని గిడ్డంగిలో ఉంచినారు. అది అక్కడ ఉన్నదని అధికారులకు తెలుసును, ఉత్తరాలు నడిచినవి. సరుకు మాత్రం కదలలేదు. 2020 ఆగస్టు 4న అది పేలి రెండు వందలమందికి పైగా మరణించినారు. నగరంలో ఒక భాగం ధ్వంసమైనది. మన బంగాళాఖాతపు ఒడ్డుననే ఉన్న చిట్టగాంగుకు సమీపంలో, సీతాకుండ వద్ద ఒక కంటైనరు డిపోలో 2022 జూన్ 4 రాత్రి నిప్పు అంటుకొన్నది. లోపల హైడ్రోజన్ పెరాక్సైడు ఉన్నది. ఆ సంగతి తెలియక మంటలార్పడానికి వచ్చిన సిబ్బంది కొందరు పేలుడులో ప్రాణాలు కోల్పోయినారు.

జీడితో పని చేసే మనకు ఈ పాఠం దూరపుది కాదు. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాల్చుతుంది. నిప్పు తగిలితే బాగా మండుతుంది. ఎరువులు, తొక్కలు, నూనెలు, పప్పు ఒకే కప్పు క్రింద కలిసి ఉండరాదు. నడుమ నిప్పుకు నిలిచే గోడ కావలెను. ఏ గదిలో ఏమి ఉన్నదో తెలిపే పట్టిక ఒకటి కట్టడానికి బయట, గేటు దగ్గర, తెలుగులో ఉండవలెను. మంటలార్పే బండి వచ్చేనాటికి కంప్యూటరు కాలిపోయి ఉండవచ్చును గదా!

ఇప్పుడు నాలుగవ గీతకు వచ్చినాము. యంత్రం. జర్మనీలోని గూటర్స్‌లో పట్టణంలో 1962లో ఒక పుస్తక ప్రకాశకుల సంస్థ కొరకు సుమారు 20 మీటర్ల ఎత్తైన అరల గిడ్డంగిని నిర్మించినారు. అరల నడుమ పట్టాల మీద నడిచే క్రేను సరుకును పెట్టి తీసేది. ఎత్తైన స్వయంచాలక గిడ్డంగులకు దీనిని ఆద్యంగా చెప్పుతారు. 2003లో అమెరికాలో కీవా అనే సంస్థ మరొక పద్ధతి కనిపెట్టినది. మనిషి అర దగ్గరకు పోనక్కరలేకుండా, నేల మీద పాకే చిన్న రోబో అరనే ఎత్తి మనిషి దగ్గరకు తెస్తుంది. 2012లో అమెజాన్ సంస్థ కీవాను 77 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది. నేడు మన దేశంలో కూడా ఇట్టి రోబోలను తయారు చేసే సంస్థలు ఉన్నవి.

ఈ యంత్రాల శక్తిని కొనియాడేటప్పుడు వాటి స్వభావాన్ని కూడా తెలుసుకోవలెను. ఇంగ్లండులో ఆండోవర్ అనే చోట ఒకాడో సంస్థవారి గిడ్డంగిలో వందల రోబోలు జాలీల మీద పరుగులు తీస్తూ పచారీ సరుకులు ఏరేవి. 2019 ఫిబ్రవరిలో రోబోలకు బాటరీ చార్జి చేసే చోట విద్యుద్దోషం వలన ఒక రోబో మూత అంటుకొన్నది. ఆ నిప్పు ఆరడానికి నాలుగు దినాలు పట్టినది, గిడ్డంగి నాశనమైనది. 2021 జూలైలో అదే సంస్థవారి ఎరిత్ గిడ్డంగిలో మూడు రోబోలు ఢీకొని మళ్ళీ నిప్పు పుట్టినది. సరుకును దగ్గర దగ్గరగా పేర్చడమే ఇట్టి గిడ్డంగుల లాభం. నిప్పు పుట్టినప్పుడు ఆ దగ్గరతనమే శత్రువు. మంట ఉన్న చోటికి నీరు పోదు, మనిషి పోలేడు. కనుక బాటరీలకు వేరు గది, అరల అంతస్తుల మధ్య కూడా నీటి చిమ్మెనలు, జాలీకి నడుమ నడుమ నిప్పు దాటని ఎడం, ఇవి యంత్రంతోబాటు కొనవలసినవి. తరువాత చేర్చుదామంటే చోటు మిగలదు.

యంత్రాన్ని ఆపడం నడపడం కన్న సులభంగా ఉండవలెను. కన్వేయర్ బెల్టు పొడుగునా తాడు ఒకటి కట్టి, ఎక్కడ లాగినా బెల్టు ఆగేటట్లు చేస్తారు. మనిషి అడ్డం వస్తే వెలుతురు తెర తెగి యంత్రం నిలిచిపోయేటట్లు చేస్తారు. అన్నిటికన్న మంచిది తాళం పద్ధతి. బాగుచేసేవాడు యంత్రపు మీటకు తన తాళం తాను వేసి, చెవి తన జేబులో వేసుకొని లోపలికి పోతాడు. వాడు బయటికి వచ్చి తాళం తీసేదాక మేనేజరు అయినా మీట నొక్కలేడు. పది రూపాయల పని చేసే కంప్యూటరు కన్న ఈ తాళం ఎన్నో ప్రాణాలను కాపాడుతుంది.

మరొక ప్రశ్న. తిత్లీ వంటి తుఫాను వచ్చి వారం దినాలు కరెంటు లేకపోతే ఈ గిడ్డంగి ఏమవుతుంది? తలుపులు చేతితో తెరుచుకొంటవా? ఏ బస్తా ఎక్కడ ఉన్నదో తెలిపే పట్టిక అచ్చు ప్రతి ఉన్నదా? పై అరలోని మందుల పెట్టెను మనిషి ఎక్కి దించగలడా? ఊరివారికి బియ్యం అత్యవసరమైన దినాననే బియ్యపు గిడ్డంగి మొరాయిస్తే, దాని చురుకుతనం ఎవరికి ఉపకరించినట్లు? జెనరేటరు ఉండవలెను, అది వరదనీటికి అందని ఎత్తున ఉండవలెను. వాటితోబాటు సిబ్బంది ఏడాదికి రెండుసార్లు కరెంటు తీసివేసి చేతితో పని నడిపి చూడవలెను. తుఫానుల నెల అక్టోబరు గనుక అభ్యాసాలలో ఒకటి సెప్టెంబరులో జరగడం యుక్తం.

నాలుగు గీతలూ పూర్తి అయినవి. ఇక ఈ గిడ్డంగి ఎవరిది అనే మాట ఒకటి మిగిలినది. గ్రామీణ ఋణాలను గురించి విచారించిన సంఘం 1954లో ఇచ్చిన నివేదికలో, రైతు తన పంటను అయినకాడికి అమ్ముకొనకుండా ఉండవలెనంటే ప్రభుత్వ గిడ్డంగులు కావలెనన్నది. 1956లో చట్టం వచ్చినది. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడినవి. 2007 చట్టం గిడ్డంగి రసీదుకు చేతులు మారగల పత్రపు హోదా ఇచ్చినది. అనగా రైతు సరుకును నిలువచేసి, ఆ రసీదు మీద బ్యాంకులో అప్పు తెచ్చుకొని, ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చును. ఈ ఆశయం మంచిది. కాని యంత్రపు గిడ్డంగి ఒకేమారు వంద పాలెట్లు తెచ్చేవానిని మాత్రమే గుర్తిస్తే, ఆరు బస్తాల జీడి పండించే ఉద్దానపు రైతు గేటు దగ్గరనే ఆగిపోతాడు. కంప్యూటరుకు ఆరు బస్తాలను లెక్కించడం కష్టం కాదు. ఆ వరుసను అందులో వ్రాయించడానికి మనకు మనసు ఉండవలెను. చిన్న రైతుల సరుకును తూచి, తేమ పరీక్షించి, తరగతి నిర్ణయించి, అదే గడియలో రసీదు చేతికిచ్చే కిటికీ ఒకటి నక్షాలో మొదటినుండి ఉండవలెను.

పనివారి మాట కూడా ఇటువంటిదే. పలాస కార్ఖానాలలో పిక్క కొట్టి, పొర తీసి, తరగతులు ఏరేవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. పప్పు రంగు, పరిమాణం చూపుతోనే నిర్ణయించే నేర్పు వారిది. రంగు చూసి ఏరే యంత్రానికి సరిహద్దులు నేర్పవలసినప్పుడు ఆ నేర్పుకు విలువ కట్టి వారిని పిలువవలెను. బస్తా మోసిన కళాసీకి ఎత్తుడు బండి తోలడం, బెల్టు సంబాళించడం నేర్పవలెను. రేవు కొరకు ఇల్లు విడిచిన కుటుంబాల పిల్లలకు ఈ యంత్రాలను బాగుచేసే విద్యలో ముందు చోటు చూపవలెను. కొత్త పని నేర్పకుండా పాత పని తీసివేసిన యంత్రం ఊరిలో నిలిచినా, ఊరిది కాదు. ఉద్దానపు యువకులు పని వెదుక్కొంటూ దూరదేశాలకు పోవడం చిరకాలంగా ఉన్నదే. ఇంటిముందరికి వచ్చిన పనికి కూడా పరాయివారిని పిలిపించుకొనే స్థితి రానీయరాదు.

శ్రోతలారా, మీ ఊరి దగ్గర పెద్ద గిడ్డంగి ఒకటి లేవబోతున్నదని వింటే, నక్షా చూసే అవకాశం కలిగితే, మొహమాటపడక నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ తలుపులు ఎంత గాలికి నిలుస్తవి? మనిషి బయటికి పోయే దారి ఏది? ఏ సరుకు ప్రక్కన ఏ సరుకు ఉంచుతారు? యంత్రం ఆగిపోయిన దినాన పని ఎట్లా నడుస్తుంది? సమాధానాలు ఈ వరుసలోనే తడుముకొనకుండా వస్తే, ఆ గిడ్డంగిలో మీ పంటనూ, మీ పిల్లల పనినీ నిశ్చింతగా నిలుపవచ్చును. సెలవు.